లేబుల్ మార్చమంటే ఏం మార్చాలి?

(పాలకొల్లు దగ్గర కాలువ గట్టు మీది ఇల్లు. రాత్రి తొమ్మిది దాటింది. రొయ్యల చెరువుల పనులు రాసుకునే ఒక సాఫ్ట్‌వేర్‌లో, మాటతో చెప్పిన పని తనే చేసిపెట్టే ఏఐ ఏజెంట్ వాడే టూల్స్ తయారుచేసేది మరిది. వాటికి వివరణ రాసేది వదిన. మొన్న ఒక రైతు ఏజెంట్‌తో "మూడో చెరువు పనికి లేబుల్ మార్చు, అర్జెంట్ కాదు, చూశాం" అన్నాడు. ఏజెంట్ 'అర్జెంట్' అన్న లేబుల్ పేరునే 'చూశాం' అని మార్చేసింది. 11 చెరువుల అర్జెంట్ పనులన్నీ ఒక్కసారిగా 'చూశాం' అయిపోయాయి.)

మరిది: టూల్ తప్పేమీ లేదు వదినా. దాని పేరే 'లేబుల్ ఎడిట్'. లేబుల్ ఐడీ, కొత్త పేరు, రంగు తీసుకుంటుంది. మార్చమన్నారు, మార్చింది. ఇప్పుడు మీరు దానికి ఆరు లైన్లు రాశారు. "లేబుల్‌ను మారుస్తుంది" అంటే చాలదాండీ?

వదిన: మొన్న ఉన్నది ఆ ఒక్క ముక్కే కదా! మన మాటల్లో "లేబుల్ మార్చు" అంటే రెండు పనులు. పని మీదున్న చీటీ పీకి వేరే చీటీ అంటించడం ఒకటి. చీటీ మీద రాతే మార్చడం ఇంకొకటి. రెండోది చేస్తే ఆ చీటీ ఉన్న ప్రతి పనీ మారిపోతుంది. చేలో బోదె కట్టమంటే పోయి విజ్జేశ్వరంలో, కాలువ మొదట్లో ఉన్న హెడ్ స్లూయిస్ తలుపులు మూసినట్టు. ఎండేది మన చేనొక్కటేనా? పశ్చిమ డెల్టా అంతా ఎండుతుంది.

మరిది: మనుషులు వాడినప్పుడు ఈ గొడవ ఎప్పుడూ రాలేదు.

వదిన: మనిషికి స్క్రీన్ ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్తున్నానని కంటికి కనిపిస్తుంది. మనం వాడేది ఎంసీపీ, ఏజెంట్‌కి టూల్స్ కలపడానికి 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ కంపెనీ తెచ్చిన పద్ధతి. అందులో టూల్ గురించి ఏజెంట్‌కి ముఖ్యంగా అందేవి మూడే: పేరు, వివరణ, ఏ ఫీల్డులో ఏం పెట్టాలో చెప్పే స్కీమా. కొత్తగా చేరిన కుర్రాడైతే "ఏది మార్చమంటారండీ?" అని అడుగుతాడు. ఇది అడుగుతుందో లేదో మనకు గ్యారంటీ లేదు.

మరిది: ఎంసీపీలోనే 'డిస్ట్రక్టివ్ హింట్' అని ఒక గుర్తు ఉంది. ఈ టూల్ ఉన్నదాన్ని చెరిపేయవచ్చు అని అది చెబుతుంది. పెడదాం, అయిపోతుంది.

వదిన: పెట్టు. కానీ అది పేరుకి తగ్గట్టు హింట్ మాత్రమే. జాగ్రత్త అంటుంది తప్ప, దీని బదులు ఏ టూల్ వాడాలో చెప్పదు. నేను రాసిన మొదటి రెండు లైన్లు అవే. "ఇది లేబుల్ పేరునే మారుస్తుంది, ఆ లేబుల్ ఉన్న అన్ని పనుల్లోనూ మారుతుంది. ఒక్క పని మీది లేబుల్ మార్చాలంటే 'పని ఎడిట్' టూల్ వాడాలి."

మరిది: ఆ రెండూ ఒప్పుకుంటాను. మిగతా నాలుగే నా టెన్షన్. మన దగ్గర 40 టూల్స్ ఉన్నాయి. ప్రతిదానికీ ఆరు లైన్లంటే, రైతు ఒక్క మాట అడిగేలోపే ఏజెంట్ ముందు పుస్తకం పరిచినట్టు. ఏజెంట్ చదివే ప్రతి ముక్కకీ పడే టోకెన్ల ఖర్చు సంగతి సరే, అంత రాతలో అసలు ముక్క మరుగున పడుతుంది. ఇంకో భయం. నేను కోడ్ మారుస్తాను, వివరణ మార్చడం మర్చిపోతాం. పాత వివరణ చూసి మనిషైతే అనుమానపడతాడు. ఏజెంట్ నమ్మేస్తుంది.

వదిన: ఆ భయం నాకూ ఉంది. అందుకే వివరణ వేరే ఫైల్లో కాదు, నీ కోడ్ పక్కనే ఉండాలంటాను. కానీ 'పని ఎడిట్' వివరణలో "పంపిన లేబుళ్లే మిగులుతాయి" అని నేను పెట్టిన లైను మాత్రం తీయనివ్వను. కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్ చూడు. అక్కడ ఇష్యూకి, అంటే మన 'పని' లాంటిదానికి, లేబుళ్లు పోస్ట్ పద్ధతిలో పంపితే ఉన్నవాటికి కలుస్తాయి. పుట్ పద్ధతిలో పంపితే ఉన్నవి పోయి, పంపినవే మిగులుతాయి. స్కీమాలో రెండుచోట్లా పేర్ల జాబితానే. తేడా తెలిసేది వివరణలో. మనదీ పుట్ లాంటిదే కదా?

మరిది: అవును. పంపిన జాబితానే మిగులుతుంది.

వదిన: మరి ఒక చెరువు పని మీద 'అర్జెంట్', రొయ్యల తెల్లమచ్చ జబ్బుకి పెట్టే 'వైట్‌స్పాట్' రెండూ ఉన్నాయనుకో. ఏజెంట్ 'చూశాం' ఒక్కటే పంపితే 'వైట్‌స్పాట్' కూడా పోతుంది. పొద్దున్న కుర్రాడు అదే వల, అదే చెక్ ట్రే పట్టుకుని పక్క చెరువులో దిగుతాడు. వైరస్‌కి ఇంకేం కావాలి? ఒక్క లైను లేకపోతే రెండు చెరువుల పంట పోతుంది.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.)

మరిది: మొన్న కూడా... తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ. ఏరేటర్ చప్పుడు లేదని కాపలా ఆయన గమనించాడు కాబట్టి సరిపోయింది. ఫోన్‌లో ఒక్క అర్జెంటూ లేదు. అందుకే చెబుతున్నాను వదినా, రాతని నమ్ముకోవద్దు. చదివి కూడా ఏజెంట్ తప్పు చేయవచ్చు. పేరు మార్చే ముందు టూలే ఆగి "ఈ లేబుల్ 64 పనుల మీద ఉంది, అన్నిటిలో మార్చాలా?" అని తిరిగి చెప్పాలి. కాపలా కోడ్‌లో ఉండాలి.

వదిన: చెయ్యి, నేనెందుకు వద్దంటాను? కానీ ఆ తిరిగి చెప్పే మాట కూడా ఏజెంట్ చదివేదే. అదీ డాక్యుమెంటేషనే. ఇప్పుడు ఒకే పేరుతో రెండో లేబుల్ పెట్టబోతే నీ టూల్ ఏమంటోంది? "ఎర్రర్ 400". అది చూసి ఏజెంట్ ఏం చేయాలి? "ఆ పేరుతో లేబుల్ ఇప్పటికే ఉంది, దాని ఐడీ ఇది" అంటే తనే దారి సరిచేసుకుంటుంది.

మరిది: ఎర్రర్ మాటలు మీరే రాయండి. రంగుల లైను మాత్రం తీసేస్తున్నాను. ఏ రంగులు చెల్లుతాయో స్కీమాలో జాబితా ఉంది.

వదిన: అది తీసెయ్యి. మిగతావి?

మరిది: పరీక్ష పెడదాం. ఉత్తుత్తి చెరువులు 11 పెట్టి, రైతు అన్న మాటే అక్షరం మార్చకుండా ఏజెంట్‌కి ఇస్తాను. మీ లైన్లతో ఇరవైసార్లు, లేకుండా ఇరవైసార్లు. ఏ లైను తీసినా తేడా రాకపోతే ఆ లైను పోతుంది.

వదిన: 'వైట్‌స్పాట్' ఉన్న పని ఒకటి అందులో పెట్టు.

మరిది: పెట్టానండీ. మొదటిది అదే.