తుఫానుకు తెలీదు సరే, పట్టాకు తెలుసు

ఈమధ్య ఫోన్లలో బాగా తిరుగుతున్న మాట ఇది: “తుఫానుకు ఆడా మగా తేడా తెలీదు. వాతావరణ మార్పులోకి మహిళా హక్కుల్ని లాగడం ఎందుకు? విపత్తుల్లో ఆడవాళ్లు 14 రెట్లు ఎక్కువ చనిపోతారన్నది కట్టుకథ. అయినా డ్వాక్రా సంఘాలకే అన్నీ ఇస్తున్నారుగా!”

14 రెట్ల దగ్గర మాకూ పేచీ లేదు. అన్ని విపత్తులకూ సరిపోయే అంకె కాదది, వాడటం మానేయాలి. మన దేశంలో పిడుగుకు, వడదెబ్బకు చనిపోతున్నవాళ్లలో మగవాళ్లే ఎక్కువని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలే చెబుతాయి.

అంకె తప్పైతే తేడాయే లేదనడం వేరే తప్పు. 1991లో బంగ్లాదేశ్ తుఫానుకు దాదాపు 1.4 లక్షల మంది పోయారు. 20–44 ఏళ్ల వయసులో వెయ్యి మంది మగవాళ్లకు 15 మంది చనిపోతే, వెయ్యి మంది ఆడవాళ్లకు 71 మంది చనిపోయారు. హెచ్చరిక బజారులో మగవాళ్ల చెవిన పడింది. ఇంట్లో పిల్లలతో ఉన్న ఆడవాళ్లు భర్త వచ్చేదాకా కదల్లేదు. ఆశ్రయ కేంద్రాల్లో మరుగు లేదు. చాలామందికి ఈత రాదు. వీటిలో గాలివాన చేసింది ఒక్కటీ లేదు. అందుకే అక్కడి తుఫాను సన్నద్ధత కార్యక్రమంలో ఇప్పుడు 76 వేల పైచిలుకు వాలంటీర్లుంటే సగం మంది స్త్రీలే. 1981–2002 నాటి విపత్తులపై 141 దేశాల లెక్కలు తీసిన అధ్యయనంలోనూ, స్త్రీల స్థితి మెరుగ్గా ఉన్నచోట ఈ తేడా తగ్గిందనే తేలింది.

ఇక డ్వాక్రా. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యం నిజంగానే ఆ సంఘాల మీద నడుస్తోంది. పొలానికి ఎరువుగా వేసే ద్రవజీవామృతం ఎకరానికి ఒక విడత అంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5–10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను. 48 గంటలు నీడన ఉంచి, పూటపూటా కర్రతో తిప్పాలి. వారం దాటితే పనికిరాదు. బోరు దూరమైతే ఆ నీళ్లకే 15 లీటర్ల బిందెతో 14 సార్లు తిరగాలి. ఈ మోత ఎవరి నెత్తిన పడుతుందో ఊళ్లో అడగక్కర్లేదు. పని అప్పగించడాన్ని హక్కు ఇవ్వడం అనుకుంటేనే “అన్నీ ఇస్తున్నారు” అనగలం.

అసలు చిక్కంతా కాగితం దగ్గరే. పనిచేసే గ్రామీణ స్త్రీలలో సుమారు నాలుగింట మూడొంతులు సేద్యంలోనే ఉన్నారు. 2015–16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద స్త్రీల పేరున ఉన్న కమతాలు మాత్రం 14 శాతమే (ఆంధ్రప్రదేశ్ ఇందులో నయం, 30 శాతం దాకా). ఆంధ్రప్రదేశ్‌లో పంట నష్టపరిహారం ఈ-పంటలో (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే సర్కారు నమోదులో) పేరున్నవాళ్లకే వస్తుంది. భర్త పోయి, పట్టా ఆయన పేరునే ఉండిపోతే మునిగిన పొలం ఆమెది, డబ్బు ఎవరిదీ కాదు. కౌలుకు చేద్దామంటే రాష్ట్ర 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం కావాలి, అదీ 11 నెలలకే.

ఇలాంటి ఇంట్లో ముందు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని మ్యుటేషన్‌కు, అంటే పట్టాలో పేరు మార్పుకు, దరఖాస్తు పెట్టాలి. ఎక్కువగా ఆగిపోయేది మిగతా వారసుల సంతకాల దగ్గర. పట్టా మామగారి పేరున ఉంటే ముందు పంపకం తేలాలి, మరిది అడ్డం తిరిగితే ఏళ్లు పడుతుంది. పేరు మారాక ఆధార్ కలిపిన సొంత ఖాతా, ఆ సీజన్ ఈ-పంట నమోదు, వేలిముద్ర. ఇవన్నీ నష్టం రాసుకునే బృందం ఊళ్లోకి రాకముందే పూర్తయి ఉండాలి.