బెయిలు వచ్చింది, జామీను లేదు

బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో రిమాండు ఖైదీకి ఆశ అంటే వాయిదా తేదీ. అది తెలిసినవాడు రోజులు లెక్కపెట్టుకుంటూ తింటాడు, పడుకుంటాడు. తెలియనివాడు కుంగిపోతాడు. సర్జాపుర, వైట్‌ఫీల్డ్ కట్టడాలకు పనికొచ్చిన అనంతపురం, పాలమూరు కూలీలకు ఆ తేదీ కూడా చదవలేని కన్నడ కాగితంలో ఉంటుంది.

బెయిలు దొరికినా సగం పనే అయినట్టు. కోర్టు తన పరిధిలో ఆస్తి ఉండి పూచీ ఇచ్చే స్థానిక జామీన్‌దారు కావాలంటే ఎక్కడ తెస్తాడు? ఊళ్లో అన్న పేరు మీద రెండెకరాల పాసుపుస్తకం ఉండొచ్చు. ఇక్కడ తెలిసింది మేస్త్రీ ఒక్కడే, ఆయనకూ ఇక్కడ భూమి ఉన్నట్టు చూపే పహణీ ఉండదు. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి ఇదే జరిగింది. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ జామీను తోసిపుచ్చారు. తెలుగువాడో, తమిళుడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో పట్టుబడితే ఏం చేయాలని సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ నిలదీశారు. ఇన్నేళ్లయినా కూలీ ఇంకా అక్కడే చిక్కుకోవడం అన్యాయం.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు దారులు చెప్పింది. బెయిలు ఉత్తర్వు అదే రోజో మర్నాడో జైలుకు మెయిల్లో చేరాలి. 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఉచిత న్యాయసాయం చూసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించడాన్ని కోర్టే తనంతట పరిశీలించవచ్చు. బయటికొచ్చి జామీను తెస్తానంటే కొద్దికాలం తాత్కాలిక బెయిలూ అడగొచ్చు. ఈ చివరి మాట చాలామంది ఖైదీలకు ఎవరూ చెప్పరు.

సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 479వ సెక్షన్ ఇంకో దారి. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే విడుదలకు అర్హుడు, మిగతావారికి సగం. మూడేళ్ల శిక్ష పడే దొంగతనమైతే మొదటి రకంవాడికి ఏడాది. కోర్టుకు రాయాల్సింది సూపరింటెండెంటే. ఈ చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు కేసులకూ ఇది వర్తిస్తుంది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు. మీద ఇంకో కేసు నడుస్తుంటే ఈ దారి మూసుకుపోతుంది, పాత కేసు మరిచిపోయినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఖైదీకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాది హక్కు. ఇంటివాళ్లు న్యాయసాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసే ముందు ఒక చీటీ రాసుకోవాలి: ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషను పేరు, సెక్షన్లు, అరెస్టు తేదీ, తర్వాతి వాయిదా. పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో, జైలు రికార్డులో తండ్రి పేరుతో ఉంటే రెండూ రాయాలి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు అదే సమాచారం తెలుగులో రాసి లోపలివాడికి పంపించాలి.