సవరణ: ఐదేళ్ల లెక్క గురించి నేను రాసింది తప్పు

మొన్న రొమ్ము క్యాన్సర్ పోస్టులో "మామోగ్రామ్‌లో (రొమ్ముకు తీసే ఎక్స్‌రేలో) బయటపడినవాళ్లలో ఐదేళ్లు దాటి బతికేవాళ్లు ఎక్కువ, కాబట్టి పరీక్ష ప్రాణం నిలుపుతుంది" అని రాశాను. ఆ "కాబట్టి" తప్పు.

ఒకామె 54వ ఏట స్నానం చేస్తుంటే గడ్డ చేతికి తగిలింది, 58లో చనిపోయింది అనుకోండి. నాలుగేళ్లు. అదే గడ్డ 51లోనే మామోగ్రామ్‌లో కనబడి, అయినా 58లోనే పోతే ఏడేళ్లు. ఐదేళ్లు దాటినవాళ్ల జాబితాలో చేరింది, ఆయుష్షు ఒక్కరోజు కూడా పెరగలేదు.

చూడాల్సింది మరణాలు తగ్గాయా అన్నది. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998 నుంచి లక్షన్నర మంది మహిళలతో ఇరవయ్యేళ్లు అధ్యయనం చేశారు. అక్కడ మామోగ్రామ్ కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. పరీక్ష చేయనివాళ్లతో పోలిస్తే, 50 దాటినవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకు చిన్నవాళ్లలో చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పరీక్ష అవసరమనే ఇప్పటికీ అంటాను, కారణం మాత్రం ఇది.

అనంతపురంలో, ఒకప్పుడు ఇదే క్యాన్సర్ వచ్చిన మా చిన్నమ్మ ఆ పోస్టు చదివి, పాత రిపోర్టుల కవరు ముందేసుకుని, "నాకు ఐదేళ్లు నిండాయి, ఇంక డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదు కదా నాయనా?" అని అడిగింది. గుండె జారింది. చిన్నమ్మా, ఐదేళ్ల తర్వాత కూడా ఇది తిరగబెట్టొచ్చు. చెకప్ మానొద్దు.