ఊదా బిస్కెట్టుకి బల్ల మీద చోటేదీ?

మొన్నటి సంక్రాంతి సంబరాల పిండివంటల పోటీలో బల్ల చివర ఒక పళ్లెం తెచ్చింది తెచ్చినట్టే మిగిలిపోయింది. మన తెలుగు సంఘంలోని ఒక ఇంటికి కోడలిగా వచ్చిన ఫిలిప్పీన్స్ అమ్మాయి చేసిన ఊబె క్రింకిల్స్ అవి. పైన తెల్లటి పంచదార పొడి, దాన్ని చీల్చుకుని నెర్రెలిచ్చిన చేనులా ఊదారంగు పగుళ్లు. న్యాయనిర్ణేతలు వంగి చూశారు. "ఇది ఉత్త కలర్ బిస్కెట్టమ్మా, పిండివంట కాదు" అని పక్కకి జరిపారు. ఒక్కరూ తుంచి నోట్లో వేసుకోలేదు. మొదటి బహుమతి నారింజరంగు జిలేబీకి వెళ్లింది. ఆ నారింజరంగు ఏ చెట్టుకి కాసిందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఊబె అంటే పెండలం. వృక్షశాస్త్రంలో డయాస్కోరియా అలాటా. మన ఊళ్లలో పులుసులో ముక్కలుగా, వేపుడుగా తిన్నది ఆ తీగ దుంపే. మనకి ఎక్కువగా తెలిసింది తెల్లది, ఫిలిప్పీన్స్ వాళ్లు నెత్తిన పెట్టుకున్నది ఊదాది. ఇదే సంక్రాంతికి గుజరాతీలు ఊంధియూలో వేసే ఊదా కంద్ కూడా ఇదే జాతి. ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో 'రతాలూ' అని రాసి ఉన్న సంచీని అటు నెట్టి మనం బెండకాయ ముక్కలు తెచ్చుకుంటాం. కర్రపెండలం వేరు, చామదుంప వేరు, ఊదా చిలగడదుంప వేరు. దుంపల పులుసు తిని పెరిగిన మనం ఈ తేడా మర్చిపోవడం కాస్త సిగ్గుపడాల్సిన సంగతే. ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదివొచ్చిన మన పిల్లల్ని అడిగినా చెప్పేవారు.

ఫిలిప్పీన్స్‌లో ఈ దుంపకి ఉన్న మర్యాద తక్కువది కాదు. బొహోల్ దీవిలో కినంపాయ్ అనే రకం పండిస్తారు. అక్కడ దుంప చేజారి నేల మీద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు, మనం పుస్తకానికి కాలు తగిలితే కళ్లకి అద్దుకున్నట్టు. బగ్యోలో గుడ్ షెపర్డ్ సన్యాసినులు చేసే ఊబె జామ్‌కి పెద్ద పేరు. 2021లో ఊదా దుంప చాలక వాళ్లు తెల్ల దుంపతోనే జామ్ చేసి, తెల్లగానే అమ్మారు.

ఇక 'కలర్' అన్న మాట. న్యాయనిర్ణేతల మాటలో సగం నిజం ఉంది, దాచడం ఎందుకు? ఒట్టి దుంపతో చేసిన బిస్కెట్టు మసక ఊదాగా, కాస్త బూడిద కలిసినట్టు వస్తుంది. ఆ పళ్లెంలో ఉన్నంత నిగనిగ రావాలంటే మెకార్మిక్‌దో బటర్‌ఫ్లైదో ఊబె ఎసెన్స్ పడాల్సిందే. ఆ సీసాలో వాసనతో పాటు రంగూ ఉంటుంది. కానీ రంగు సీసాది అయినంత మాత్రాన లోపల దుంప లేదనుకోవడం తప్పు. తుంచి చూస్తే తెలిసిపోయేది. హలాయా, అంటే ఊబెని పాలతో ఉడికించి దగ్గరపెట్టిన ముద్ద, పడిన బిస్కెట్టు అంచు గట్టిగా ఉన్నా నడుమ తడిగా, సాగినట్టు ఉంటుంది. ఎసెన్స్ మాత్రమే పడింది మామూలు బిస్కెట్టులా పొడిగా విరుగుతుంది.

హలాయా పేరు హల్వాకి చుట్టంలా వినిపిస్తుంది గానీ, అది స్పానిష్ నుంచి వచ్చిన మాట. చేసే పని మాత్రం అచ్చం మన హల్వాదే. ఉడికించి మెదిపిన ఊదా పెండలం 450 గ్రాములు, కొబ్బరిపాలు 400 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి, కండెన్స్‌డ్ మిల్క్ 397 గ్రాముల డబ్బా ఒకటి, వెన్న 55 గ్రాములు. అడుగు మందంగా ఉన్న బాణలిలో సన్నసెగ మీద నలభై నిమిషాల దాకా కలుపుతూనే ఉండాలి. గరిటెతో గీత గీస్తే వెంటనే పూడుకోకుండా, ముద్ద బాణలి అంచులు వదలాలి. ఇక్కడ తొందరపడితే ఆ నీరంతా బిస్కెట్టులోకి వచ్చి, ఓవెన్‌లో అట్టులా పరుచుకుంటుంది. పచ్చి దుంప దొరికితే చెక్కు తీసేటప్పుడు చేతికి నూనె రాసుకోండి, కందలాగే దురద పెడుతుంది.

బిస్కెట్టుకి ఆ హలాయా చల్లారాక 150 గ్రాములు చాలు. మెత్తబడిన వెన్న 115, పంచదార 150 గ్రాములు గిలక్కొట్టి, ఒక గుడ్డు, హలాయా, రెండు టీస్పూన్ల ఎసెన్స్ కలపాలి. మైదా 230 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, ఉప్పు పావు టీస్పూను. వంటసోడా మాత్రం వద్దు. ఊబె రంగు ఆంథోసయనిన్లది. క్షారం తగిలితే అది నీలంలోకి, పచ్చలోకి తిరుగుతుంది. ఎసెన్స్ లేకుండా సోడాతో చేసిన వాయ పాచి పట్టినట్టు కనిపించేది అందుకే. పులుపు తగిలితే ఎరుపులోకి జరుగుతుంది కాబట్టి గుడ్డుకి బదులు పెరుగు వేసినా రంగు మారుతుంది.

ముద్దని ఫ్రిజ్‌లో కనీసం మూడు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచాలి. 25 గ్రాముల ఉండలు చేసి, ముందు మామూలు పంచదారలో, తర్వాత పంచదార పొడిలో దొర్లించాలి. చాలామంది మొదటి దొర్లింపు ఎగ్గొడతారు. అప్పుడు ముద్దలోని తడి పొడిని తాగేసి, తెలుపంతా మాయమై బిస్కెట్టు జిడ్డుగా మెరుస్తుంది. పొడి పల్చగా అద్దితే సరిపోదు, ఉండ కనబడకూడదు. ఓవెన్ 175 డిగ్రీల సెల్సియస్‌కి పూర్తిగా కాగాకే ట్రే పెట్టి, పదకొండు పన్నెండు నిమిషాలు కాల్చాలి. నడుమ ఇంకా మెత్తగా ఉండగానే తీసేయాలి, వేడి ట్రే మీద మిగతా పని అదే చూసుకుంటుంది. ఓవెన్ చాలినంత కాగకపోతే పగుళ్లు రావు, ఉండ మెల్లగా కుంగిపోతుంది. పోటీ బల్ల మీద ఆ పగుళ్లు చూసినవాళ్లకి చేసినమ్మాయి చేతిపని అర్థం కావాలి. చకినం చుట్టు చూసి చెయ్యి తిరిగిందో లేదో చెప్పే మనవాళ్లు దీన్ని గుర్తుపట్టలేదంటే నమ్మబుద్ధి కాదు.

గుడ్డు విషయంలో మాత్రం ఆ పళ్లెంది పొరపాటే. పండగ బల్ల మీద గుడ్డు ఉన్నదానికి చీటీ లేకపోతే తినని పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. అలాగని ఆ అమ్మాయిని తప్పుపట్టలేం, మన దరఖాస్తులో ఆ ప్రశ్నే లేదు. గుడ్డు వద్దనుకుంటే మూడు టేబుల్ స్పూన్ల పాలు, ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్ వేయవచ్చు. రుచి దాదాపు అంతే, పగుళ్లు తగ్గుతాయి.

కార్యవర్గానికి నా విన్నపం చిన్నది. 'ఇది ఏ ప్రాంతపు వంట?' అన్న గడి తీసేయండి. దాని స్థానంలో నాలుగు గడులు పెట్టండి: ఏ పిండి, ఏ దుంప లేదా పప్పు, గుడ్డు ఉందా, రంగు వేశారా. నాలుగో గడి జిలేబీ వాళ్లూ నింపాలి. వచ్చే జనవరికి ఆ అమ్మాయికి ఫోన్ చేసి పళ్లెం తెమ్మని అడిగేది ఆ ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరైతే ఇంకా బాగుంటుంది. ఈసారి తుంచి, నోట్లో వేసుకున్నాకే మార్కులు వేయండి.