మెరుపు సరే, లోపల చూశారా?

1960ల నాటి మార్టిన్ డి-28 (అమెరికా మార్టిన్ కంపెనీ మోడల్) గిటార్ మీద మీ వ్యాసం బాగుంది గానీ, సగం పాలిష్ మెరుపుకే సరిపోయింది. అసలు పనితనం లోపలుంది. సౌండ్ హోల్‌లో, అంటే పై చెక్కకున్న గుండ్రటి రంధ్రంలో, చిన్న అద్దం పెట్టి సెల్ లైట్ వేస్తే, పై చెక్క అడుగున ఇంటూ మార్కులా అతికించిన బద్దలు కనిపిస్తాయి. ఆరు స్టీల్ తీగల లాగుడు సుమారు 70 కిలోలు. ఆ లాగుడు నుంచి పల్చటి స్ప్రూస్ పై చెక్కను కాచేది ఆ బద్దలే. 1969 దాకా పక్కలకి, వెనక్కి బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడారు, ఇప్పుడు వాటికి ఎక్కువ ధర పలకడానికి అదో కారణం.

మా బొబ్బిలి వీణకి మెట్లు మైనంలో కూర్చుతారు కాబట్టి తేడా వస్తే సరిచేసుకోవచ్చు. గిటార్ మెట్లు, అంటే ఫ్రెట్లు, గాడుల్లో దిగగొట్టినవి. పైగా ఆ కాలపు మార్టిన్ మెడలో వంపు సర్దుకునే రాడ్ ఉండదు, 1985లో గానీ పెట్టలేదు. వానాకాలం మా విజయనగరం తేమకి పై చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. అందుకే కొనేవాళ్లు ముందు పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు చూడండి. మూడు మిల్లీమీటర్లు దాటి, బ్రిడ్జి మీద తీగలు ఆనే సాడిల్ పట్టీ కూడా ఇంక దించే వీల్లేకుండా అప్పటికే అరగదీసి ఉంటే మెడ ఊడదీసి మళ్లీ కూర్చాల్సిందే. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించమనండి, మొహమాటం వద్దు.