రాగి బిస్కెట్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రాగి బిస్కెట్టు గారి దివ్యసముఖమునకు,

తిరుపతి నుంచి రాసుకుంటున్న మనవి. నిన్న సాయంత్రం టీతో పాటు తమరు మా టేబుల్ మీదకు దయచేశారు. ముందువైపు ఆకుపచ్చ రంగు, దాని మీద నిండు రాగి కంకి, పక్కన తలపాగా చుట్టిన రైతు. ఇంత పెద్దమనిషి గదా అని వెనక్కి తిప్పి చూశాం. అదే తప్పయింది.

దినుసుల పట్టీ అంటించిన మడత కిందికి పోయింది. అక్షరాలు ఆవగింజలో సగం. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేస్తే అప్పుడు దొరికింది: మైదా, చక్కెర, పామాయిలు... తర్వాత నాలుగో వరసలో, ముహూర్తం దాటాక పెళ్లికొచ్చిన మేనమామలాగా, రాగిపిండి 14 శాతం. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలన్నది లేబుళ్ల నిబంధన. పేరులో గొప్పగా చెప్పుకున్న సరుకు ఎంత శాతమో రాయాలన్నదీ నిబంధనే. తమరు నిబంధన తప్పలేదు. సిగ్గు తప్పారు, అంతే.

తమరి ప్యాకెట్టు 75 గ్రాములు. అందులో రాగి పదిన్నర గ్రాములు. వంద గ్రాముల రాగుల్లో క్యాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ లెక్కన ప్యాకెట్టు అడుగున పొడి దులుపుకుని తిన్నా మాకు దక్కేది 37. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1000. ‘ఎముకలకు బలం’ అని ముందువైపు అచ్చేసుకున్నారే, ఏ చీమ ఎముకలకండీ?

ఒక వడ్డన అంటే రెండు బిస్కెట్లని తమరే తీర్మానించుకున్నారు. టీ గ్లాసు ముందు రెండింటితో ఆగిన మనిషిని మా చిత్తూరు వైపు ఎవరూ చూసుండరు. ఇక ఆ ముదురు రంగు రాగిది అనుకున్నాం. పట్టీ చివర క్యారమెల్ రంగు కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నదే చాలు, సేమ్యా నుంచి నూడుల్సు దాకా అందరికీ రాగి ఇంటిపేరైపోయింది.

పలమనేరు, కుప్పం పక్క రాగి పండే ఊళ్లలో మిమ్మల్ని చూపించి ‘ఇదీ రాగే’ అంటే నవ్వుతారు. రాగి అంటే ఏందో, మా రాగి సంగటి ఎట్లా చేస్తారో వినండి. ఒక గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల నీళ్లు. అన్నం మెత్తగా ఉడికి, గంజి ఇంకా మిగిలి ఉండగానే ఒకటిన్నర గ్లాసు రాగిపిండి గుట్టగా పోయాలి. కలపకూడదు. కట్టెతో నడిమధ్య బొక్క పొడిచి, మూత పెట్టి, సన్నసెగ మీద పది నిమిషాలు వదిలెయ్యాలి. ఆ బొక్కలోంచి ఆవిరి పైకి తన్ని పిండిని ఉడికిస్తుంది. ఆత్రపడి ముందే గెలికితే లోపల పొడిపిండి ఉండలు కడుతుంది. ఉడక్కముందే దించితే పచ్చివాసన, పళ్లకు బంక. దించాక గిన్నెను గుడ్డతో అదిమి పట్టుకుని, కట్టెతో పిండిని గిన్నె అంచుకు నొక్కుతూ గెలకాలి. తడివేలితో తాకితే వేలికి అంటకూడదు. అప్పుడు తడి చేసిన పళ్లెంలో ముద్ద చుట్టి, పక్కన చెనక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, వెయ్యాలి.

అట్లాంటి ఒక్క ముద్దలో 50 గ్రాముల పిండి ఉందనుకో. అంత రాగి నీ దగ్గర రాబట్టాలంటే దాదాపు అయిదు ప్యాకెట్లు తినాలి. నీ పట్టీ ప్రకారమే ఒక్కో ప్యాకెట్టులో 18 గ్రాముల చక్కెర, అయిదింటికి 90. పద్దెనిమిది చెంచాలు! రాగి కోసం వచ్చినోడికి చక్కెర మూట కట్టి పంపిస్తావా? దాని మీద మళ్లీ రైతు బొమ్మా? ఆ రైతు పొద్దున్నే నిన్ను తిని మడి దున్నుతాడా?

సంగటి మాత్రం దేవుడా అంటే, కాదు. అందులోనూ బియ్యముంది, చక్కెర జబ్బున్నోళ్లు ముద్ద సైజు చూసుకోవాల్సిందే. దానికి ముప్పావు గంట కావాలి, మణికట్టు కావాలి. సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో సంగటి గెలికేవాళ్లు లేరు. నువ్వేమో చింపితే చాలు. సొరుగులో నెలలు ఉంటావు, అలగవు, వాసన రావు. ఆకలి మీదున్నోడికి నువ్వే దిక్కు, ఆ మాట ఒప్పుకుంటాం.

రాగిలో పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ ఉండదు, ఒట్టి రాగితో చేస్తే విరిగిపోతాను, అందుకే మైదా అంటావు. నిజమే, విరుగుతావు. మైదా నడుం పట్టుకుని నిలబడ్డదానివి మైదా పేరు చెప్పుకోడానికి నొప్పేంది? వచ్చే ప్యాకెట్టు మీద ‘మైదా బిస్కెట్టు, కొంచెం రాగి’ అని వేయించుకో. చోటు చాలకపోతే ఆ కంకి బొమ్మ పీకెయ్.

ఇట్లు,
మిగిలిన మూడు బిస్కెట్లూ తినేసి రాస్తున్న
తిరుపతి వినియోగదారుడు