కాపీరైట్ చట్టం, 1957 గారికి

అయ్యా,

మీరు 1958 జనవరి 21న అమల్లోకి వచ్చారు. అప్పట్లో పాటను దొంగిలించాలంటే రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ కావాలి. ఇప్పుడు బొటనవేలు చాలు. తమరు మాత్రం ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే కాపలా కాస్తున్నారు.

మీ 52వ సెక్షన్ అంటే నాకు ప్రాణం. పెళ్లి ఊరేగింపులో ఎవరి పాట వేసుకున్నా తప్పు కాదని అందులో రాసిపెట్టారు. ఎంత పెద్ద మనసు! కానీ అదే ఊరేగింపు వీడియోని యూట్యూబ్‌లో పెడితే పాట నోరు మూసుకోవచ్చు. మినహాయింపు పాట వేసుకోవడానికే, అప్‌లోడ్‌కి కాదని లాయర్లు అంటారు. సరే, ఒప్పుకున్నాం. మరి సినిమాని విమర్శించడానికి అందులోంచి చిన్న ముక్క వాడుకోవచ్చని కూడా మీరే అన్నారుగా? ఆ రివ్యూ మీదా యూట్యూబ్‌లో ‘ఇది మాది’ అంటూ కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. తీర్పు ఇచ్చేది జడ్జి కాదు, శబ్దాలను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్. అది మీ సెక్షన్లు చదవలేదు. అభ్యంతరం చెప్పుకుంటే అది ముందుగా వెళ్లేది క్లెయిమ్ వేసినవాళ్ల దగ్గరికే. జవాబివ్వడానికి వాళ్లకి 30 రోజులు. ఆలోపు సినిమా ఓటీటీకి వచ్చేస్తుంది, ఇక ఆ రివ్యూ ఎవరికి కావాలి?

ఇంతకీ 2012 సవరణలో మీరూ ఒక గడువు పెట్టారు. ఫిర్యాదు వస్తే లింకు 21 రోజులు ఆపాలి, ఆలోపు కోర్టు ఆర్డర్ రాకపోతే మళ్లీ తెరవొచ్చు. చక్కటి నియమం. పాపం, మనలో చాలామంది కోర్టు దాకా కాదు గదా, మీ దాకా కూడా రారు. యూట్యూబ్ పెట్టిన షరతుల దగ్గరే కథ ముగుస్తుంది.

అసలు దొంగల విషయానికొద్దాం. పేరు తెలియని పైరేట్ మీద కేసు వేయాలంటే మన కోర్టుల్లో అతనికి అశోక్ కుమార్ అని పేరు పెడతారు. ఇన్నేళ్లుగా ఇన్ని ఆర్డర్లు అందుకున్న మనిషి దేశంలో ఇంకొకరు ఉండరు. 2012లో ఒక తమిళ సినిమా, ఒక తెలుగు సినిమా కోసం మద్రాస్ హైకోర్టు ఇచ్చిన ఆర్డర్‌ని పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు వీమియో లాంటి వీడియో సైట్లనే మొత్తంగా మూసేశాయి. సినిమా ఉన్న లింకులు ఆపితే చాలని కోర్టు తర్వాత వివరణ ఇవ్వాల్సి వచ్చింది. 2019లో ఢిల్లీ హైకోర్టు ఇంకో ఉపాయం చెప్పింది: సైటు అడ్రసు మార్చుకుంటే కొత్త అడ్రసునూ పాత ఆర్డర్‌లోనే కలిపేయొచ్చు. అశోక్ కుమార్ గారు భయపడిన దాఖలాలైతే లేవు. రిలీజ్ రోజు సాయంత్రానికి ఆయన డ్యూటీ ఎక్కేస్తారు.

వేగం మీకు చేతకాదనను. 1991 ముగుస్తుండగా రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కులు తీరిపోతున్నాయని టెన్షన్ పడి, రచయిత పోయాక 50 ఏళ్లు ఉన్న గడువును హడావుడిగా 60 చేశారు. అదనంగా ఇచ్చిన ఆ పదేళ్లలో ఆయన కొత్తగా ఏమీ రాసినట్టు లేదు.

జిరాక్స్ దగ్గర మాత్రం తాపీగా నడిచారు. ఢిల్లీ యూనివర్సిటీలో పాఠాల కోసం పుస్తకాల పేజీలు జిరాక్స్ తీయొచ్చా అని 2012లో ప్రచురణ సంస్థలు వేసిన కేసులో, తీయొచ్చని 2016లో తీర్పొచ్చింది. ఆ మిషన్ మన వీధుల్లోకి వచ్చి ఎన్నాళ్లయిందో మీకే తెలియాలి. ఇప్పుడు ఏఐ వచ్చింది. తమ వార్తలతో ఏఐ మోడల్‌కి శిక్షణ ఇచ్చారంటూ 2024 నవంబరులో వార్తాసంస్థ ఏఎన్ఐ ఢిల్లీ హైకోర్టులో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ మీద కేసు వేసింది. చదవడం ఎక్కడ ఆగి కాపీ ఎక్కడ మొదలవుతుందో మీరు తేల్చాలి. తొందరేం లేదు, ఆ మోడళ్లు ఇంకా చదువుకుంటూనే ఉన్నాయి.

చివరగా ఒక సొంత పని. మీ దయవల్ల ఈ ఉత్తరం మీద కాపీరైట్ నాకు దానంతటదే వచ్చేసింది, నేను పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. నాకొద్దు. కానీ వదులుకోవాలంటే 21వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్‌కి నోటీసు ఇవ్వాలో, బహిరంగ ప్రకటన చేయాలో అట. ఆ రెండోది ఇదేననుకోండి. కాదంటే, ఈ ఉత్తరాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లందరినీ అశోక్ కుమార్ కింద రాసుకోండి.

ఇట్లు,
మీ హక్కుదారుడు